వుడ్ హూపో చచ్చిపోతే ఎవరికి మైల

మా సార్ పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. వడమాలపేట హైస్కూల్లో ఎనిమిదో తరగతికి పాఠం ముగించి స్టాఫ్‌రూమ్‌కు వచ్చి ఫోన్ చూసుకుంటే, మా డిగ్రీ కాలేజీ పాత విద్యార్థుల గ్రూపులో మెసేజ్ ఉంది. "మన ప్రియతమ జువాలజీ అధ్యాపకులు, నాకు సొంత అన్నలాంటి వారు, ఈ ఉదయం పరమపదించారని తెలియజేయుటకు చింతిస్తున్నాను." కింద వరసగా దండాలు, ఎగిరిపోతున్న ఒక పావురం బొమ్మ. పంపింది అప్పట్లో మా డిపార్ట్‌మెంట్ హెడ్డుగా ఉన్న మనిషి. ఇప్పుడు ఇంకా పెద్ద కుర్చీలో ఉన్నాడు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు కన్నీళ్ళతో మొదలుపెట్టడం మర్యాద. నాకు మాత్రం ముందు కోపం వచ్చింది. "సొంత అన్న" అన్న ఆ రెండు ముక్కలు చూసి ఒళ్ళు మండింది. ఏడుపు తర్వాతెప్పుడో బస్సులో వచ్చింది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను, చదివేవాళ్ళు మన్నించాలి. మన్నించకపోయినా నాకేం ఫర్వాలేదు.

సార్ రోజూ పూతలపట్టు పక్క పల్లె నుంచి తిరుపతికి బస్సులో వచ్చేవారు. చొక్కాకు రెండు జేబులు కుట్టించుకునేవారు. ఒకదాంట్లో వేయించిన శనక్కాయలు, ఇంకోదాంట్లో వాటి పొట్టు. పొట్టు కింద పడేస్తే మాత్రం ఆయనలోని సాధుజంతువు మాయమైపోయేది. మేం జవాబుల్లో "మొదలగునవి" అని రాస్తే ఎర్రపెన్నుతో సున్నా చుట్టి, "మొదలగునవి యెవురమ్మా? పేర్లు లేవా వాటికి?" అని అడిగేవారు. ఏ జంతువుకైనా పేరు పెట్టి పిలవకపోతే ఆయనకు అవమానంగా ఉండేది, ఆ జంతువు తరఫున.

కారిడార్ చివర మెట్లకింద మా మ్యూజియం. పేరు గొప్పదే గానీ ఒక గది, నాలుగు అద్దాల బీరువాలు, కలరా ఉండల వాసన. ఆ గదిలోకి వెళ్ళే ముందు సార్ చేతులు కడుక్కునేవారు. బయటికి వచ్చాక కడుక్కోవడం మాకు తెలుసు, ముందు ఎందుకో అర్థమయ్యేది కాదు. "చచ్చినవాళ్ళను ముట్టుకునే ముందు శుభ్రంగా ఉండాల" అనేవారు.

ఆ బీరువాల్లో మా అందరికీ ఇష్టమైనది వుడ్ హూపో. ఆఫ్రికా పిట్ట. మన దేశంలో ఎక్కడా ఉండదు. ఎప్పుడో ఆ దేశాల్లో పనిచేసి వచ్చిన ఒక పాదిరి, లోపల దూది కూరి కుట్టిన ఆ పిట్టను కాలేజీకి ఇచ్చిపోయారట. దూరం నుంచి చూస్తే నల్లగా ఉంటుంది. కిటికీ తెరిస్తే ఈకల మీద ఆకుపచ్చా ఊదా కలిసి మెరుస్తాయి. కిందికి వంగిన ఎర్రటి ముక్కు, బారెడు తోక, తోక మీద తెల్ల మచ్చలు. ఒక కంటికి గాజుపూస, రెండో కంటికి ఎవరో పెట్టిన చొక్కా గుండీ. అది మమ్మల్ని ఎప్పుడూ కాస్త ఎగతాళిగా చూస్తున్నట్టే ఉండేది.

ఆ పిట్టలు గుంపుగా బతుకుతాయని, చెట్టుతొర్రలో తల్లి గుడ్ల మీద కూర్చుంటే గుంపులో పెద్దా చిన్నా అందరూ మేత తెచ్చి పెడతారని సార్ చెప్పారు. ఎవరైనా తొర్ర దగ్గరికి వస్తే భరించలేని కంపు వదులుతాయట. పక్క గుంపు సరిహద్దు దాటితే అందరూ ఒక కొమ్మ మీదికి చేరి, ముందుకీ వెనక్కీ ఊగుతూ కేకలు పెడతారట. అది కూడా సార్ చేసి చూపించారు, తువ్వాలు వెనక తోకలాగా పట్టుకుని, బల్ల ముందు ఊగుతూ, గొంతు చించుకుని. పక్క క్లాసులోంచి తెలుగు మేడం పరిగెత్తుకొచ్చారు ఏమైందోనని.

ఇక వర్గీకరణ. జువాలజీ చదివినవాళ్ళకు తెలుసు, దానంత చప్పటి పాఠం ఇంకోటి లేదు. రాజ్యం, వర్గం, క్రమం, కుటుంబం, నోరు తిరగని లాటిన్ పేర్లు. రాత్రి బట్టీ పట్టి పొద్దున కక్కేవాళ్ళం. మా సార్ మొదటిరోజు వుడ్ హూపోను బల్ల మీద నిలబెట్టి ఒకటే ప్రశ్న అడిగారు.

"ఇది సచ్చిపోయింది. యెవురికి మైల?"

క్లాసంతా నోళ్ళు తెరిచింది.

"మీ ఇండ్లల్లో సావు జరిగితే యేం సేస్తారు? దాయాదులకి పది రోజులు. దూరపు దాయాదులకి మూడు. యే సుట్టరికమూ లేకుండా సూసేదానికి పోయినోల్లు తలకి పోసుకుంటే సాలు. అంతే గదా? ఇప్పుడు సెప్పండి, దీనికి పది రోజులు పట్టేదెవురు?"

వెనక బెంచీలోంచి డేవిడ్ లేచి, "మా ఇండ్లల్లో మైల లేదు సార్" అన్నాడు. సార్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అయితే నీకు పెండ్లిపిలుపుల లెక్క. యెవురింటికి మనిషి పోయి పిలవాల, యెవురికి ఫోన్ సేస్తే సాలు, యెవురికి కార్డు పంపితే సాలు. నువ్వు అట్ల రాసుకో" అన్నారు. డేవిడ్ ఆ మూడేళ్ళూ జంతువులన్నిటికీ పెళ్ళికార్డులు పంచుకుంటూ పాసైపోయాడు.

ఆ లెక్కలో వర్గీకరణ మాకు బతుకంతా మరిచిపోలేనంతగా తలకెక్కింది. వుడ్ హూపో కుటుంబం ఫినిక్యులిడే. అందులో రెండు ఇండ్లు. ఫినిక్యులస్‌లు ఒక ఇల్లు, సన్నటి కొడవలి ముక్కున్న రైనోపోమాస్టస్‌లు ఇంకో ఇల్లు. వాళ్ళు ఎప్పుడో విడిపోయిన అన్నదమ్ములు. "కొందరు పండితులు వీళ్ళని యేరు కుటుంబమే అంటా ఉండారు. యేరు కాపురం పెట్టినారో లేదో ఇంకా పంచాయతీ నడస్తా ఉండాది" అనేవారు సార్. మన చేలల్లో తల మీద కిరీటం పెట్టుకుని తిరిగే కూకుడుగువ్వ, అంటే హూపో, వీళ్ళకు దగ్గరి దాయాది. పది రోజుల మైల. ముక్కు మీద కొమ్మున్న హార్న్‌బిల్ దూరపు దాయాది. మూడు రోజులు. మరి లకుముకి, పాలపిట్ట?

అసలు గొడవంతా అక్కడే. మా గైడ్లలోనూ పాత పుస్తకాల్లోనూ ఇవన్నీ ఒకే క్రమంలో ఉంటాయి, కొరాసీఫార్మిస్ అని. జన్యువులు పరిశీలించిన తర్వాత హూపోలనూ వుడ్ హూపోలనూ అందులోంచి తీసి హార్న్‌బిల్‌తో కలిపి బ్యూసెరోటిఫార్మిస్ అనే వేరే క్రమంలో పెట్టారు. ఇది తెలిసినరోజు సార్ మా ఎదురుగా బీరువా తెరిచి, వుడ్ హూపోను రెండు చేతులతో పట్టుకుని, లకుముకి అర మీంచి హార్న్‌బిల్ పుర్రె ఉన్న అరలోకి మార్చారు. వెనకే కూకుడుగువ్వను కూడా.

"ఇన్నాల్లూ తప్పు బంతిలో కూసోబెట్టినాం. లకుముకి సస్తే దీనికి మైల పట్టించినాం, పాపం" అన్నారు. తర్వాత మావైపు తిరిగి, "సుట్టరికం మనం పెట్టేది కాదమ్మా, కనుక్కునేది" అన్నారు. ఈ మాట ఆయన చాలాసార్లు అన్నారు.

సెల్వి నా పక్క బెంచీ. నగరి అమ్మాయి, వాళ్ళది మగ్గాల ఇల్లు. తెలుగులో మొదలుపెట్టిన వాక్యం సగంలో తమిళంలోకి పోయి మళ్ళీ వచ్చేది. సార్ చెప్పిన ప్రతి మాటా నిజమని నమ్మే పిల్ల. నాలాంటివాళ్ళమూ నమ్మేవాళ్ళమే, అయితే అవసరమైతే నమ్మనట్టు నటించగలం. సెల్వికి ఆ విద్య రాలేదు.

రెండో సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష. బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ వచ్చాడు. పక్కన ఇంటర్నల్‌గా మా హెడ్డు. బల్ల మీద వరసగా నమూనాలు పెట్టి, పేరు, వర్గీకరణ అడుగుతారు. సెల్వి వంతుకు వుడ్ హూపో వచ్చింది. నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను, ప్రతి మాటా విన్నాను.

"ఆర్డర్ యేంది?"

"బ్యూసెరోటిఫార్మిస్ సార్. హార్న్‌బిల్‌తో కలిసి."

"తప్పు. కొరాసీఫార్మిస్. యే గైడు సదివినావు?"

"గైడు కాద్సార్. మా సార్ సెప్పినాడు. అది పాత లెక్క సార్, ఇప్పుడు మార్సినారు."

ఎక్స్‌టర్నల్ మా హెడ్డు వైపు తిరిగి, "ఏమప్పా, మీ పిల్లోల్లు మనకే పాఠం సెప్తా ఉండారే!" అన్నాడు.

మా హెడ్డుకు నిజం తెలుసు. కొద్దిరోజుల ముందే సార్ స్టాఫ్‌రూమ్‌లో పుస్తకం విప్పి చూపిస్తే, "అవునప్పా, మార్సినారు, నిజమే" అన్నాడు. అప్పుడు నేను హాజరు పట్టీ ఇవ్వడానికి వెళ్ళి గుమ్మంలో ఉన్నాను. ఆ మనిషి ఆ నిమిషంలో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. నవ్వాడు. అతిథి ముందు మర్యాద పోకూడదు కదా! అటెండర్‌ను కూల్‌డ్రింకులు తెమ్మని పంపి, "సెల్వీ, పెద్దోల్లతో వాదన వద్దమ్మా. సారీ సెప్పు" అన్నాడు.

"తప్పు సెప్పుంటే సెప్తా సార్" అంది సెల్వి.

ఆ తర్వాత నన్ను కప్ప గుండెలో ఎన్ని గదులని అడిగారు. మూడన్నాను. నేను పాసయ్యాను, సెల్వి ఫెయిలైంది. మా ఇద్దరికీ ఉన్న తేడా అంతే, ఈరోజుకీ అంతే.

సార్ ఊరుకోలేదు. పుస్తకాన్ని తువ్వాలులో చుట్టుకుని పరీక్షల విభాగం చుట్టూ తిరిగారు. ఆ సీటు కాదంటే ఈ సీటు, ఈయన సెలవంటే ఆయన. చివరికి ఒకాయన, "ఆ పిట్ట యే క్రమంలో ఉంటే మనకేందప్పా, మార్కుల క్రమంలో మనం యేలు పెట్టగూడదు" అన్నాడట. సార్ ఈ మాట మాకు చెప్పి నవ్వడానికి ప్రయత్నించారు. నాకు నవ్వు రాలేదు.

సెల్వి వాళ్ళ నాయన వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. పంచె పైకి మడిచి కట్టుకుని మ్యూజియం గుమ్మంలో నిలబడ్డాడు.

"మా పాప తప్పు సెప్పిందా సార్?"

"లేదప్పా. సరిగ్గానే సెప్పింది."

"సరిగ్గా సెప్తే ఫెయిలు ఎట్లయితాది?"

సార్ పుస్తకం తీసి విప్పబోయారు. ఆ మనిషి దాన్ని చూడకుండానే, "రైటు సెప్తే ఫెయిల్ సేసే సదువు మాకొద్దు సార్" అని కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె నగరిలో పవర్‌లూమ్ దగ్గర కూర్చుంది. తర్వాత పెళ్ళి, పిల్లలు.

నేనిప్పుడు చెప్పబోయేది సార్ మీద నా కోపం. ఆయన ఫోటోకు వేసిన దండ వాడకముందే ఇది రాయడం చాలామందికి నచ్చదు. ఆ మరుసటి సంవత్సరం ప్రాక్టికల్స్‌కు ముందు సార్ క్లాసుకు వచ్చి, బోర్డు వైపు తిరిగి, మమ్మల్ని చూడకుండా, "ఎక్స్‌టర్నల్ అడిగితే కొరాసీఫార్మిస్ అని సెప్పండి. గైడులో యెట్లుంటే అట్ల" అన్నారు. మొదలగునవి అని రాస్తే సహించని మనిషి! క్లాసయ్యాక వెంటపడి అడిగాను.

"ఎందుకు సార్ అట్ల సెప్పినారు?"

"ఇంగొక బిడ్డను మగ్గం కాడికి పంపలేనమ్మా."

అంతే అన్నారు. నాకు ఆరోజు అర్థమైంది, అయినా క్షమించలేదు. ఇప్పుడు నేనూ బడిలో పాఠం చెబుతున్నాను, ఇంకా బాగా అర్థమవుతుంది, ఇంకా క్షమించలేదు. నిజం తెలిసిన మనిషి చేత పిల్లలకు అబద్ధం చెప్పించారు. కత్తి చూపి కాదు, కూల్‌డ్రింకు తాగుతూ, నవ్వుతూ. ఆ రోజు తర్వాత సార్ తువ్వాలు తోక చేసుకుని ఊగగా మేమెవరమూ చూడలేదు.

మెసేజ్ చూసిన వెంటనే సెలవు రాసిచ్చి తిరుపతి మీదుగా పూతలపట్టు బస్సెక్కాను. సార్ ఇంటి ముందు షామియానా వేశారు. సార్‌ను చాప మీద పడుకోబెట్టారు. మొహం చిన్నదైపోయింది. కాళ్ళ దగ్గర ఒకామె తల దించుకుని కూర్చుని ఉంది. తలెత్తితే సెల్వి. నాకంటే ముందే నగరి నుంచి వచ్చేసింది.

ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. కాసేపటికి సెల్వి చెప్పింది. "సార్ మా ఇంటికి వచ్చినాడు మే, నన్ను మల్లీ పరీక్ష రాయించమని మా నాయన్ని అడిగేదానికి. మొదటితూరి మా నాయన కాఫీ ఇచ్చి పంపేసినాడు. రెండోతూరి వస్తే తలుపు తీయలే. అరుగు మీద కూసోని కాసేపు శనక్కాయలు తిని లేసిపోయినాడు. నేను కిటికీలోంచి సూస్తానే ఉండాను. పొట్టు కూడా ఆడ పడెయ్యలే."

ఇది నాకు తెలియదు. సార్ ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుడే బయట కారు ఆగింది. హెడ్డు. రోజాలతో కట్టించిన పెద్ద దండ. దాన్ని డ్రైవర్ చేత లోపలికి పంపి, తాను గేటు అవతలే నిలబడ్డాడు. ఎవరో ఫోన్ పెట్టి వీడియో తీస్తుంటే మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఆయన నాకు సొంత అన్న. మాది ఒక కుటుంబం. ఆయన వర్గీకరణ చెప్తా ఉంటే నేనే పోయి వెనక కూసొని వింటా ఉంటి..."

నేను లేచి గేటు దగ్గరికి వెళ్ళాను. ఎవరూ ఆపేలోపలే అడిగేశాను.

"సార్, మీకెన్ని రోజులు మైల?"

"ఏమ్మా?"

"సొంత అన్న అంటా ఉండారు గదా. అన్నయితే పది రోజులు. లోపలికి రాండి, కాళ్ళకి దండం పెట్టుకోండి."

ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అట్ల కాదమ్మా, రేపు పొద్దున కొండ మీద దర్శనం ఉండాది. లెటర్ దొరికేది యెంత కష్టమో నీకు తెలుసు గదా. సావింట్లోకి వచ్చి పోగూడదని... తప్పుగా అనుకోవద్దు" అన్నాడు.

తప్పుగా అనుకోవద్దట! "మీరు తలకి పోసుకోవాల్సిన పని గూడా లేదు సార్. మీకూ ఆయనకూ యే సుట్టరికమూ లే. లకుముకికి వుడ్ హూపోకి ఉన్నంత గూడా లే" అన్నాను. ఫోన్ పట్టుకున్న అబ్బాయి ఫోన్ దించేశాడు. పక్కనున్న పెద్దమనిషి ఎవరో, "సావింట్లో గొడవలు వద్దమ్మా" అన్నాడు. చావు ఇంట్లో అబద్ధాలు ఆడితే మాత్రం పర్వాలేదు కాబోలు. కారు వెళ్ళిపోయింది. నాకు కసి తీరలేదు.

సాయంత్రం సార్‌ను పొలంలోకి తీసుకుపోయారు. ఆడవాళ్ళంతా బోరు దగ్గర తలకు పోసుకున్నారు. నేనూ పోసుకున్నాను. చావింట్లో ఎవరికీ చెప్పకుండా బయల్దేరాలి కదా, సెల్వి చెయ్యి పట్టుకుని, "దా మే, బస్సు దొరకదు" అన్నాను.

"నువ్వు పో మే. నేను ఉంటా."

"ఇంట్లో పిల్లోల్లు?"

"మా ఆయనకు సెప్పినా. రేపు మాకు గూడా కొండకి టికెట్టు ఉండె, యెప్పుడో బుక్ సేసుకున్నిది. చిన్నోనికి తలనీలాలు ఇయ్యాల. పోవడం లే. మైలని మా పక్క తీట్టు అంటారు గదా, అది ఉండాదని సెప్పేసినా."

నేను ఆమె మొహంలోకి చూశాను. మధ్యాహ్నం ఒక మనిషిని అడిగిన ప్రశ్నే మళ్ళీ నోట్లోకి వచ్చింది, ఈసారి వెటకారం లేకుండా.

"నీకెన్ని రోజులు మే?"

"తెలీదు. సార్ ఉండుంటే సెప్పుండేవాడు" అంది.

లోపల సార్‌ను పడుకోబెట్టిన చోట దీపం వెలిగించారు. దాని ముందు చాప మీద సార్ భార్య, కోడళ్ళు, దాయాదుల ఆడవాళ్ళు తడి జుట్లతో వరసగా కూర్చున్నారు. సెల్వి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది. సార్ భార్య తలెత్తి చూసింది.

"యెవురి బిడ్డవమ్మా నువ్వు?"

"సార్ కాడ సదివి ఫెయిలైన బిడ్డనమ్మా."

"నగరి పాపవా?" అందామె. సెల్వి తలూపింది. "దా. ఈడ కూసో" అని ఆమె తన పక్కన చాప తట్టింది. అటు పక్క కూర్చున్న కోడలు కాళ్ళు దగ్గరికి ముడుచుకుని జరిగింది.

నేను ఎవరికీ చెప్పకుండా గేటు దాకా వచ్చి ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. దీపం వెలుగులో ఆడవాళ్ళ వరస కనిపిస్తోంది. సెల్వి మధ్యలో కూర్చుని ఉంది. ఆమె జుట్టు ఇంకా పిండుకోలేదు, నీళ్ళు జాకెట్టు మీదుగా చాప మీదికి కారుతున్నాయి. సార్ భార్య తన పైట కొంగుతో ఆ తల తుడుస్తోంది.